జాన్ బుల్ లాగు: ధరకు బొమ్మ కట్టిన గిల్రే

(చిత్రకళ విద్యార్థుల ముందు, తెర మీద బొమ్మలు చూపిస్తూ చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఇవాళ చూపించే బొమ్మల్లో అక్షరాలు చీమతలకాయలంత ఉంటాయి, అక్కణ్ణుంచి ఆనవు.

ముందు మీకొక పని. కాగితం, పెన్సిలు తియ్యండి. కందిపప్పు ధర పెరిగింది. విషయం అంతే. ఒక్క నిమిషంలో బొమ్మ వెయ్యండి.

(నిమిషం తర్వాత) ఏదీ, ఎత్తి చూపించండి. బాణం పైకి పోతోంది. ఇక్కడా బాణమే. ఇది తక్కెడ. ఇదేంటమ్మా, కందిపప్పు రాకెట్టెక్కిందా? బాగుంది. ఆ చివర ఒకరు ఖాళీ సంచీ పట్టుకున్న నాన్నని వేశారు. ముప్పై నలభై కాగితాల్లో మనిషి కనిపించింది ఆ ఒక్కదాంట్లోనే. తప్పు పట్టడం లేదు, నాకు చెప్పినా మొదట బాణమే వేసేవాణ్ణి.

ధర అనేది ఒక అంకె. అంకెకి ముక్కూ మొహం ఉండవు. మాటల్లో మనవాళ్లు ఈ చిక్కుని ఎప్పుడో దాటేశారు. ధరలు కొండెక్కాయంటాం, చుక్కలనంటాయంటాం, మండిపోతున్నాయంటాం. కొండెక్కే ధరకి కాళ్లున్నట్టే కదా. కానీ ఆ కాళ్లు ఎలా ఉంటాయో గీసి చూపించమంటే చెయ్యి ఆగిపోతుంది. ఈ చిక్కుతో కుస్తీ పట్టిన ఒక మనిషి గురించి చెబుదామని వచ్చాను. పేరు జేమ్స్ గిల్రే. ఊరు లండన్.

1756లో చెల్సీలో పుట్టాడు. తండ్రి సిపాయి, ఫాంటనాయ్ యుద్ధంలో ఒక చెయ్యి పోగొట్టుకున్నవాడు. యుద్ధం మనిషి ఒంట్లోంచి ఏం కోసుకుపోతుందో చిన్నప్పటినుంచీ ఇంట్లోనే చూశాడన్నమాట. కుర్రాణ్ణి మొదట పెట్టింది అక్షరాలు చెక్కేవాడి దగ్గర పనికి. 1778లో రాయల్ అకాడమీ బడిలో చేరాడు. ఆ మొదటి పనిని తక్కువ చెయ్యకండి. రాగిరేకు మీద మైనం పూసి, సూదితో గీసి, ఆసిడ్‌లో వేస్తే గీత పడ్డచోట రేకు తింటుంది. సిరా పట్టించి కాగితం మీద అద్దితే బొమ్మ తిరగబడి వస్తుంది. ప్రింట్ తీసే పిల్లలకు ఇది నేను చెప్పక్కర్లేదు. గిల్రే బొమ్మల్లో మనుషులు తెగ మాట్లాడతారు, ఒక్కొక్కరి నోట్లోంచి బుడగలు బుడగలుగా మాటలు వస్తాయి. ఆ మాటలన్నీ రేకు మీద కుడి నుంచి ఎడమకి, అద్దంలో చూసినట్టు రాయాల్సిందే. అక్షరాల దగ్గర పని నేర్చుకున్నవాడు కాబట్టి సరిపోయింది.

హానా హంఫ్రీ అనే ఆవిడకి బొమ్మల దుకాణం ఉండేది. గిల్రే ఆ ఇంటి మేడ మీదే ఉండేవాడు. 1797 నుంచి ఆ దుకాణం సెయింట్ జేమ్స్ వీధిలో 27వ నంబరు. పైన బొమ్మ పుడుతుంది, కింద కిటికీ అద్దంలో వేలాడుతుంది, వీధిలో జనం మూగుతారు. రంగులు యంత్రం వెయ్యదు, మనుషులు ఒక్కో కాగితానికీ చేత్తో పూస్తారు. అందుకే ఒకే బొమ్మ రెండు ప్రతుల్లో మంత్రిగారి కోటు ఒకచోట నీలం, ఇంకోచోట గోధుమరంగు ఉంటుంది.

ఇక ధర సంగతి. 1793 ఫిబ్రవరిలో ఫ్రాన్స్ బ్రిటన్ మీద యుద్ధం ప్రకటించింది. ప్రధానమంత్రి విలియం పిట్. సన్నగా రివటలా ఉంటాడు, ముక్కు మాత్రం సూది. గిల్రేకి ఆ ముక్కు దేవుడిచ్చిన వరం. 1794, 1795 పంటలు దెబ్బతిన్నాయి. యుద్ధం వల్ల బయటి ధాన్యం రావడం కష్టమైంది. అప్పు మీద అప్పు చేసి ఆస్ట్రియాలాంటి మిత్రులకి డబ్బు పంపుతున్నారు. ఇంగ్లండులో ఒక క్వార్టరు గోధుమల సగటు ధర 1792లో 43 షిల్లింగులు, 1795లో 75. షిల్లింగంటే 12 పెన్నీలు. క్వార్టరంటే మన పుట్టీ గరిసెల్లాంటి పాత కొలత అనుకోండి. కూలివాడికి వారానికి వచ్చేది ఎనిమిది, తొమ్మిది షిల్లింగులు. ఆ వచ్చేదాంట్లో సగానికి పైగా రొట్టెకే పోతుంది.

1795 మే నెలలో బర్క్‌షైర్ జిల్లా పెద్దలు స్పీన్ అనే ఊళ్లో ఒక సత్రంలో కూర్చుని ఒక పట్టిక తయారు చేశారు. గాలన్ రొట్టె అనే పెద్ద రొట్టె షిల్లింగు ఉంటే మనిషికి వారానికి 3 షిల్లింగులకి తగ్గకుండా చూడాలి, రొట్టె ధర పెన్నీ పెరిగినప్పుడల్లా 3 పెన్నీలు కలపాలి, పెళ్లాం పిల్లలకి వేరే లెక్క. మీ ఇళ్లలో ఉద్యోగస్థులుంటే డీఏ మాట వినే ఉంటారు. మన పాతవాళ్లు కరువు భత్యం అనేవారు. ఆలోచన అదే. ధరకి మనిషి ఆకలిని తాడేసి కట్టడం.

ఇప్పుడు మొదటి బొమ్మ. 1795 జులై. పిట్ కసాయివాడి వేషంలో ఉన్నాడు. ఎదురుగా జాన్ బుల్. ఈ జాన్ బుల్ అంటే బ్రిటన్‌లో సామాన్యుడి పేరు, మనం సుబ్బారావు అనుకున్నట్టు. అసలు జాన్ బుల్ లక్షణం ఏమిటి? బొద్దుగా, బుగ్గలు ఊరి, మాంసం బాగా తినేవాడు. ఇక్కడ చూడండి, బక్కచిక్కి, చిరుగు బట్టల్లో ఉన్నాడు. కింద పద్యం ఉంది, భావం చెబుతాను: రొట్టె ప్రియమైపోయింది కదా, నువ్వేమో తినక తప్పదంటున్నావు, 12 పెన్నీలు పెట్టి క్వార్టర్న్ రొట్టె, అంటే గాలన్ రొట్టెలో సగం, కొనలేకపోతే ఒక క్రౌను పెట్టి మాంసం కొనుక్కో. క్రౌనంటే 60 పెన్నీలు! గంజికి గతిలేనివాడికి నెయ్యి వేసుకోమని సలహా ఇచ్చినట్టు.

ధర ఎక్కడుందో చూశారా? బాణంలో లేదు, తక్కెడలో లేదు. జాన్ బుల్ పొట్టలో ఉంది. లావుగా ఉండాల్సినవాడు సన్నబడ్డాడు, అంతే. జనానికి లావాటి జాన్ బుల్ అలవాటు కాబట్టి సన్నపు జాన్ బుల్ కనిపించగానే అంకె అర్థమైపోతుంది. ఇంతకన్నా మంచి ధరల సూచీని నేను చూడలేదు, పత్రికల్లో వచ్చే గ్రాఫులతో కలిపి.

అదే ఏడాది డిసెంబరు 24, క్రిస్మస్ ముందురోజు ఇంకొకటి వచ్చింది. గోధుమలు ఆదా చెయ్యాలి, ఇళ్లలో రొట్టె బదులు వేరేవి తినండి అని పెద్దవాళ్లంతా ప్రతిజ్ఞ పత్రం మీద సంతకాలు పెట్టారు. పాపం ఆ సంతకాలు పెట్టినవాళ్లు ఎంత కష్టపడుతున్నారో చూడండి అని గిల్రే ఈ బొమ్మని ఆ కమిటీకే అంకితమిచ్చాడు. పిట్, మంత్రులు విందు బల్ల దగ్గర కూర్చున్నారు. పళ్లెంలో చేపలు. దగ్గరకెళ్లి చూస్తే ఆ చేపల పొలుసులు బంగారు గినీ నాణేలు! పేరు కూడా గమ్మత్తు: 'రొట్టెలు దాచి, చేపలు పంచుకుంటున్న దొరవార్లు'. ఐదు రొట్టెలు, రెండు చేపలతో ఏసుప్రభువు వేలమందికి పెట్టిన కథ తెలుసుగా, దాన్ని తిరగేశాడు. ఒక పక్క ఆకలితో ఉన్న పందుల అర్జీ. పందులేమిటంటే, ఎడ్మండ్ బర్క్ అనే పార్లమెంటు సభ్యుడు 1790లో మామూలు జనాన్ని పందుల మంద అన్నాడు. ఆ మాటని జనం మర్చిపోలేదు, గిల్రే అసలు మర్చిపోనివ్వలేదు.

రొట్టె మాట వచ్చింది కాబట్టి ఒక పిట్టకథ. అప్పట్లో పెద్దింటివాళ్లు జుట్టుకి తెల్లపొడి పూసుకునేవారు, ఆ పొడి చేసేది గంజిపిండితో. జనానికి రొట్టెలేదు, వీళ్ల నెత్తిన పిండి. 1795లో పిట్ ఆ పొడి మీద ఏడాదికి ఒక గినీ పన్ను వేశాడు. కట్టినవాళ్లని 'గినీ పిగ్' అని వెక్కిరించారు. దానిమీదా గిల్రే బొమ్మ ఉంది, గినీ మిగిల్చుకోడానికి పొడి మానేసి అద్దంలో చూసుకుని ఏడ్చే కుటుంబం. ఆ ఫ్యాషను అలా పోయిందే మరి.

తర్వాతది నాకు చాలా ఇష్టమైన బొమ్మ, 1796 నవంబరు. 'బడ్జెట్ విప్పడం, లేదా జాన్ బుల్ ప్రాణం దక్కించుకోడానికి లాగు ఇచ్చెయ్యడం'. బడ్జెట్ అనే మాటకి మొదటి అర్థం తోలుసంచీ. ఆ సంచీ విప్పి లెక్కలు చెప్పడమే బడ్జెట్ ప్రసంగం. మన దగ్గర 2019లో తోలుపెట్టె పోయి ఎర్రగుడ్డలో చుట్టిన ఖాతా పుస్తకం వచ్చినప్పుడు నాకు ఈ బొమ్మే గుర్తొచ్చింది. ఇందులో పిట్ చేతిలో పెద్ద సంచీ. ఇంకా డబ్బియ్యి జాన్, ఫ్రెంచివాళ్లు వచ్చేస్తున్నారు, వచ్చి నీ ఒంటిమీద గుడ్డ మిగల్చరు అంటున్నాడు. జాన్ బుల్ అమాయకంగా, వస్తున్నారా, అయితే మొత్తం మీరే తీసుకోండి బిల్లీ బాబూ, వాళ్లు వచ్చి బట్టలూడదీసే దానికన్నా ఇది నయం అని లాగు విప్పి ఇచ్చేస్తున్నాడు. సంచీ వెనక పిట్ మంత్రులు డండాస్, గ్రెన్‌విల్, వాళ్లతోపాటు బర్క్ చేతులు దూర్చి తలా ఇంత తీసుకుంటున్నారు.

నవ్వారు కదా. అయితే ఈ నవ్వు ఎవరి మీద? పిట్ మీద సగం, జాన్ బుల్ మీద సగం. గిల్రేకి జనం మీద అమితమైన ప్రేమేమీ లేదు. శత్రువు వస్తున్నాడంటే ఒంటిమీది గుడ్డ ఇచ్చేసేవాడి మీద కూడా ఆయనకి జాలికన్నా కసే ఎక్కువ కనిపిస్తుంది నాకు.

ఇక 1797. ఫిబ్రవరి 22న దాదాపు 1,400 మంది ఫ్రెంచి సైనికులు వేల్స్‌లో ఫిష్‌గార్డ్ దగ్గర దిగారు. రెండ్రోజుల్లో లొంగిపోయారు, అది వేరే సంగతి. కానీ ఆ వార్తకే జనం బ్యాంకుల మీద పడ్డారు, నోట్లిచ్చి బంగారం ఇమ్మని. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండు దగ్గర బంగారం 13 లక్షల పౌన్ల లోపుకి పడిపోయింది. ప్రభుత్వం ఆజ్ఞ ఇచ్చింది, ఫిబ్రవరి 27 నుంచి నోటుకి బంగారం ఇవ్వడం బంద్. 1, 2 పౌన్ల చిన్న నోట్లు మొదటిసారి అచ్చయ్యాయి. తాత్కాలికమన్నారు. ఆ తాత్కాలికం 1821 దాకా సాగింది. పెద్ద నోట్లు రద్దయిన రాత్రి ఏటీఎం దగ్గర క్యూలో నిలబడ్డవాళ్లు ఇక్కడ కొందరుంటారు, వాళ్లకి ఆ వారం లండన్ ఎలా ఉండి ఉంటుందో ఎక్కువ చెప్పనవసరం లేదు.

పదిరోజుల్లో గిల్రే బొమ్మ సిద్ధం. మార్చి 9. మైడాస్ రాజు కథ మీకు తెలుసు, ముట్టుకున్నదల్లా బంగారమైపోయేది, ఆయనకే గాడిద చెవులు. ఇక్కడ పిట్ మైడాస్. శీర్షికలో 'అంతా బంగారం చేస్తున్న' అని రాసి, బంగారం కొట్టేసి, 'కాగితం' అని దిద్దాడు. పిట్ రెండు కాళ్లూ చెరోవైపు పెట్టి బ్యాంకు మీద నిలబడ్డాడు. పొట్ట నిండా బంగారు నాణేలు కనిపిస్తున్నాయి, ఆ పొట్టకి తాళం. నోట్లోంచి మాత్రం నోట్లు కక్కుతున్నాడు. తలమీద కాగితం కిరీటం, గాడిద చెవులు. కింద రెల్లుపొదలు ఆ చెవుల గుట్టు గుసగుసలాడుతున్నాయి.

జాగ్రత్తగా చూడండి, పొట్ట మారింది. రెండేళ్ల కిందట ధర జాన్ బుల్ ఎండిన పొట్టలో ఉంది. ఇప్పుడు రివటలాంటి పిట్‌కి పొట్ట వచ్చింది. ఆర్థికశాస్త్రంవాళ్లు పుస్తకం రాసి చెప్పాల్సిందాన్ని రెండు పొట్టలతో తేల్చేశాడు.

మే 22న ఇంకొకటి. షెరిడాన్ అనే ప్రతిపక్ష సభ్యుడు పార్లమెంటులో ఒక మాట అన్నాడు, నగరంలో ఒక ముసలావిడ ఉంది, మంచి పేరున్న మనిషి, పాపం చెడు సావాసంలో పడిందని. ఆవిడ బ్యాంకు. గిల్రే ఆ మాటని పట్టుకున్నాడు. ఒళ్లంతా 1 పౌను నోట్లతో కుట్టిన గౌను వేసుకుని, తాళం వేసిన పెట్టె మీద కూర్చున్న ముసలావిడ. పిట్ ముద్దు పెట్టుకోబోతున్నట్టు మీద పడి, చెయ్యి మాత్రం ఆవిడ జేబులో పెట్టాడు. ఆవిడ లబోదిబోమంటోంది. బ్యాంకు ఉన్నది థ్రెడ్‌నీడిల్ వీధిలో. 'థ్రెడ్‌నీడిల్ వీధి ముసలావిడ' అనే పేరు బ్యాంకుకి అలా నిలిచిపోయింది. అదే ఏడాది ఐజాక్ క్రుక్‌షాంక్ అనే ఇంకో గీతకారుడు పిట్‌ని బయస్కోపు పెట్టెవాడిగా వేశాడు. జాన్ బుల్ కన్నంలో కన్ను పెట్టి వింతలు చూస్తున్నాడు, పిట్ వెనకనుంచి జేబు కత్తిరిస్తున్నాడు.

ఇంతవరకూ మీరంతా గిల్రే మన మనిషేనని మురిసిపోయి ఉంటారు. కొంచెం ఆగండి.

ఈ బొమ్మ ఎంతకమ్మేవారు? రంగులేనిది షిల్లింగు దగ్గర, రంగులేసినవి రెండు షిల్లింగులు, ఆ పైన. షిల్లింగంటే 12 పెన్నీలు, ఇందాక పద్యంలో జాన్ బుల్ కొనలేకపోయిన రొట్టె ధర. రెండు రొట్టెల డబ్బు పెడితే ఒక రంగుబొమ్మ. కాబట్టి ఆకలి బొమ్మని ఆకలిగా ఉన్నవాడు కొనలేదు. వాడు కిటికీ బయట నిలబడి చూశాడు. కొన్నది లోపలికెళ్లినవాళ్లు, క్లబ్బుల్లో కూర్చునేవాళ్లు, పార్లమెంటు సభ్యులు. పికడిల్లీలో ఫోర్స్ అనే వ్యాపారి బొమ్మల పుస్తకాలని సాయంత్రం విందులకి అద్దెకిచ్చేవాడు. భోజనాలయ్యాక అతిథులు తిరగేసి నవ్వుకోడానికి. అంటే చేపలు తినేవాళ్లే ఆ చేపల బొమ్మ చూసి నవ్వారు.

ఇంకా ఉంది. జార్జ్ కానింగ్ అని పిట్ అనుచరుడు, కుర్ర నాయకుడు, తర్వాత తనే ప్రధానమంత్రి అయ్యాడు. గిల్రే బొమ్మలో తనూ కనిపించాలని స్నేహితుడి ద్వారా తెగ ప్రయత్నం చేశాడు. తిట్టించుకోడానికి సిఫార్సన్నమాట! గిల్రే మనల్ని వెయ్యలేదంటే మనం ఇంకా పెద్దవాళ్లం కాలేదనే లెక్క. ఆ కానింగ్ చొరవతోనే 1797 చివరినుంచి గిల్రేకి గుట్టుగా ఏడాదికి 200 పౌన్ల భత్యం ముట్టింది. అంతకుముందు ఏడాది జనవరిలో యువరాజుకి కూతురు పుట్టినప్పటి ఒక బొమ్మ మీద అరెస్టయి ఉన్నాడు, కేసు నడవలేదు. ఆ కేసు భయం ఎంత, 200 పౌన్లు ఎంత అని నేను తూచలేను.

ఇప్పుడీ బొమ్మ. 1798 అక్టోబరు. నైలు యుద్ధంలో బ్రిటిష్ నౌకాదళ నాయకుడు నెల్సన్ ఫ్రెంచి ఓడల మీద గెలిచాడు. జాన్ బుల్ భోజనానికి కూర్చున్నాడు. నౌకాదళాధిపతులు వంటవాళ్లై పళ్లేలు పట్టుకు నిలబడ్డారు, పళ్లేల్లో ఫ్రెంచి ఓడలు. జాన్ బుల్ ఫోర్కుతో ఓడ గుచ్చి నోట్లో కుక్కుకుంటున్నాడు. ఇంకెక్కడ పెట్టుకోవాలిరా అని గొణుగుతున్నాడు కూడా. పొట్ట చూడండి. కుండ!

మూడేళ్ల కిందటి ఆ బక్కప్రాణి ఎక్కడికి పోయాడు? బొమ్మగా ఇది అద్భుతం, ఆ గీతలో వేగం చూస్తే ఇప్పటికీ అసూయ. కానీ ఓడలు తింటే కడుపు నిండదు. 1799, 1800 పంటలు మళ్లీ పోయాయి. 1801లో గోధుమల సగటు ధర 119 షిల్లింగులు, 1795 కన్నా చాలా ఎక్కువ. ఆ కరువులో జాన్ బుల్ పక్కన ఎక్కువగా నిలబడ్డ బొమ్మలు గిల్రేవి కావు, ఐజాక్ క్రుక్‌షాంక్ లాంటివాళ్లవి. 1800లో ఐజాక్ వేసిందాంట్లో బలిసిన ధాన్యం వ్యాపారి మెడకి తాడు వేసి జనం లాగుతున్నారు, ఇప్పుడు చెప్పరా ఎంతకిస్తావో అని. శీర్షిక 'ధాన్యం ధర దించే ఖాయమైన ఉపాయం'. నాకా బొమ్మ చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. మంత్రి ముక్కు దగ్గర మొదలైన కోపం ఊళ్లో కొట్టువాడి మెడ దగ్గరకి వచ్చేసింది, మంత్రి ఎక్కడా కనపడడు.

ఆ తాడు అక్కడితో ఆగలేదు. ఐజాక్ కొడుకు జార్జ్. గిల్రేకి మతి చలించాక సగంలో ఆగిన పనుల్ని కొన్ని ఈ కుర్రాడే పూర్తి చేశాడు. 1797 నాటి ఆ 1 పౌను నోటు చూడ్డానికి సాదా కాగితం, ఎవడైనా దొంగనోటు వెయ్యొచ్చు. వేసినా, దొంగనోటని తెలిసి మార్చినా ఉరే. బంగారం బంద్ చేసిన ఆ ఇరవై నాలుగేళ్లలో ఫోర్జరీ నేరాల కింద 300 మందికి పైగా ఉరితీశారు. అందులో ఆడవాళ్లూ ఉన్నారు. 1819లో జార్జ్, విలియం హోన్ అనే ప్రచురణకర్త కలిసి ఒక ఉత్తుత్తి నోటు అచ్చువేశారు. ఇదిగో. నోటు మీద వరసగా వేలాడుతున్న మనుషులు. బ్రిటన్ దేశానికి గుర్తుగా గీసే బ్రిటానియా దేవత తన బిడ్డల్ని తానే తింటోంది. సంతకం తలారిది. ఇక్కడ, ఎడమపక్క, పౌను గుర్తు చూడండి. మెలితిప్పిన తాడు అది. ధరకి బొమ్మ కట్టడంలో ఇంతకన్నా ముందుకు వెళ్లినవాడు నాకు తెలియదు. హోన్ దుకాణం ముందు జనం కిక్కిరిసిపోయారు.

నాకు చెప్పిన టైము అయిపోయింది. అడగాల్సినవి అడగండి.

(సభలోంచి ఒక విద్యార్థిని: అంటే గిల్రే అమ్ముడుపోయాడంటారా సార్?)

నన్ను ఇరికించావమ్మా. చూడు, భత్యం ముట్టాక కూడా పిట్ ముక్కు ఒక్క నూలు కూడా పొట్టి కాలేదు. పిట్‌ని అందగాడిగా ఎప్పుడూ వెయ్యలేదు. అందుకని చాలామంది ఆయన్ని వెనకేసుకొస్తారు. నేను ముక్కు చూడను, జాన్ బుల్ పొట్ట చూస్తాను. ఆ పొట్ట 1795లో నిజం చెప్పింది, 1798లో చెప్పలేదు. చూపు మందగించి, మతి తప్పి, హంఫ్రీ మేడ కిటికీలోంచి దూకబోయి, 1815 జూన్ 1న పోయాడు. వాటర్లూ యుద్ధానికి పదిహేడు రోజుల ముందు. తన జీవితంలో సగం బొమ్మలు వేయించిన యుద్ధం ఎలా ముగిసిందో చూడలేదు. ఆయన మీద తీర్పు చెప్పడానికి నాకు నోరు రాదు, చూసి నేర్చుకోడానికి మాత్రం మళ్లీ మళ్లీ వెళతాను.

(ఇంకొకరు: ఈ బొమ్మల వల్ల ధరలేమైనా తగ్గాయా?)

దమ్మిడీ తగ్గలేదు. 1801లో పంట బాగా పండింది, అప్పుడు గోధుమ దిగింది. ఇంకో మాట చెప్పి ముగిస్తాను, టీ చల్లారిపోతోందని అక్కడ సైగ చేస్తున్నారు. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండు ఉద్యోగులు 1921లో తమకోసం ఒక పత్రిక పెట్టుకున్నారు. దానికేం పేరు పెట్టారో తెలుసా? 'థ్రెడ్‌నీడిల్ వీధి ముసలావిడ'.